సూర్యుడి పైకప్పు

కొండ మీద, పరిశీలన గది

వియ్యపురాలు గారికి,

నమస్కారం. మనవరాలిని చూసి తిరిగి కొండెక్కాను. ఆసుపత్రిలో అందరి ముందూ పిల్లకు మీ ముక్కు వచ్చిందని మీరు తీర్పు చెప్పేశారు. వియ్యాలవారి మాటకు అడ్డు తగలడం మర్యాద కాదని ఊరుకున్నాను. ముక్కు మీదే అయినా, దాని మీద ఉండే కోపం మాత్రం పిల్లకు రాకూడదని కోరుకుంటున్నాను.

ఇక్కడ ఫోను సరిగ్గా పలకదని మీకు తెలుసు. పలికినా, మా అమ్మాయీ మీ అబ్బాయీ పక్కన చేరి వింటూంటే పని మాటలు సాగవు. అందుకని సూర్యుడి బొమ్మలు మీకు పంపే డిస్కుల పెట్టెలో ఈ ఉత్తరం పెడుతున్నాను. మీరూ ఖాళీ పెట్టెలో జవాబు పెట్టి పంపితే జీపు తెచ్చి ఇస్తుంది.

నేను లేనప్పుడు నా బదులు వాతావరణ కేంద్రం నుంచి వచ్చిన కొత్తాయన ఇంకా ఇక్కడే ఉన్నాడు. మనిషి మంచివాడు. నా కుర్చీని కిటికీ దగ్గరికి జరిపాడు, నా గ్లాసులో తన కలాలు పెట్టుకున్నాడు. వానమాపకం దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన అలవాటు కాబోలు, టెలిస్కోపును కూడా అలాగే చూస్తాడు. ఏముందో రాసుకుని పోతాడు. దాన్ని బుజ్జగించాలని తెలియదు.

ఒక సంగతి అడగాలి. మీ ఆఫీసులో కమిటీ కూర్చోబోతోందనీ, ఈ కొండ మీది కేంద్రాన్ని మూసేసే మాట నడుస్తోందనీ జీపు డ్రైవరు మోసుకొచ్చాడు. "మీ గదికి తాళం కొనుక్కోండి సార్, పెద్దది" అన్నాడు. వాడి మాటల్లో సగం తీసేసినా సగం మిగులుతుంది. మీకేమైనా తెలిస్తే రాయండి. ఈ గదిలో నా జుట్టు నెరిసింది. మూసేటప్పుడు ముందుగా చెప్పడం బాగుంటుంది.

మీ వియ్యంకుడు


కింద ఊరు, లెక్కల గది

వియ్యంకుల వారికి,

నమస్కారం. ముక్కు సంగతి మనవరాలే పెద్దయ్యాక తేలుస్తుంది. ఈలోగా మీరు పిల్లను ఎత్తుకున్నప్పుడల్లా టెలిస్కోపు గొట్టాన్ని పట్టుకున్నట్టు పట్టుకున్నారని మా కోడలు నవ్వుకుంటోంది. మీ కూతురే, నన్నేమీ అనకండి.

ఒక మంచి మాట చెప్పడానికి ఈ ఉత్తరం. సూర్యుడికి పైకప్పు ఉంది. నవ్వకండి, ఇది మీ డిస్కుల్లోంచి వచ్చిన మాట.

సూర్యుడి పైతలం పొయ్యి మీది నీళ్ళలా కుతకుతలాడుతూ ఉంటుందని మీకు నేను చెప్పక్కరలేదు. ఆ కుదుపుకు పుట్టిన అలలు పైకి బయలుదేరతాయి. ఐదు నిమిషాలకొకసారి ఊగే ఈ నిదానపు అలలు సూర్యుడి వాతావరణంలో ఎంతదాకా పోతాయి, పైకి వేడిని మోస్తాయా లేదా అన్నది పాత తగాదా. కేంద్రం పెట్టిందే దీనికోసం. మీ కింది కెమెరా కింది పొరను చూస్తుంది, పై కెమెరా దాని మీది పొరను చూస్తుంది. ఒకే చోట ముందు కింద వెలిగి తరువాత పైన వెలిగితే అల ఎక్కుతోందన్నమాట. ముందు పైన వెలిగితే దిగుతోందన్నమాట. రెండూ ఒక్కసారే వెలిగితే అది ఎక్కడికీ పోవడం లేదు, ఉన్నచోటే ఊగుతోంది.

మీ డిస్కులన్నీ లెక్క కట్టాను. సూర్యుడి మీది నల్ల మచ్చల పక్కన రెండూ ఒక్కసారే వెలుగుతున్నాయి. మచ్చలు లేని నెమ్మదైన చోట్ల ముందు పైన, తరువాత కింద. అంటే మన కెమెరాలు చూసే ఎత్తుకన్నా పైన అలలు దేనికో తగిలి వెనక్కి దిగివస్తున్నాయి. ఒక్కటీ దాటిపోవడం లేదు. ఇంత తేటగా ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. నేను చూపిస్తాను.

కొత్తాయన ఉన్న రోజుల డిస్కులు మాత్రం గందరగోళం. ఒకరోజు అన్ని అలలూ ఎక్కుతాయి, మరునాడు అన్నీ దిగుతాయి. సూర్యుడు అలా పూటకో మాట మార్చడు. అందులో ఒక వింత ఉంది. మచ్చల పక్కకూ నెమ్మదైన చోటికీ మధ్య ఎడం మీ రోజుల్లో ఎంతో ఆయన రోజుల్లోనూ అంతే. మొత్తం బొమ్మే ఇటో అటో జరిగినట్టు ఉంది. పొద్దున్నే మీరు చేసే పని ఏది ఆయన చేయలేదో కనుక్కుని రాయండి. ఆ డిస్కులు పక్కన పడేసే ముందు కారణం తెలియాలి.

ఆఫీసు కబుర్లు నా దాకా రావు. జీపు డ్రైవరుకు తెలిసినన్ని సంగతులు ఇక్కడ డైరెక్టరుకు కూడా తెలియవు.

మీ వియ్యపురాలు


కొండ మీద, పరిశీలన గది

వియ్యపురాలు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సూర్యుడికి కప్పు వేసినందుకు అభినందనలు. ఇక్కడ మా గది కప్పు వానకు కారుతోంది. దాని గురించి కూడా కమిటీకి ఒక ముక్క రాయండి.

కొత్తాయనను కూర్చోబెట్టి అడిగాను. ఆయన చెప్పింది విని నాకు నవ్వొచ్చింది. మీట నొక్కి, కెమెరాలు తిరగడం మొదలుపెట్టగానే వెళ్ళి వంట చేసుకునేవాడట.

"జత కలపలేదా?" అన్నాను.

"దేన్ని?" అన్నాడు.

మీకూ తెలిసి ఉండదు, చెబుతాను. పై కెమెరా యంత్రం పాతది. మీట నొక్కిన వెంటనే మొదలుపెట్టదు. ఒకరోజు వెంటనే లేస్తుంది, ఒకరోజు బద్ధకిస్తుంది. ఎంత ఆలస్యం చేసిందో ఎక్కడా చూపించదు. దాన్ని అలా వదిలేస్తే రెండు బొమ్మలూ ఒకదానికొకటి పొసగవు. "రెండు కెమెరాలూ కలిసి నడిచేలా చూడవలెను" అని మాకు పని నేర్పిన రోజునే చెప్పారు. ఎలా చూడాలో చెప్పలేదు. నేను కనిపెట్టాను. పొద్దున మొదటి బొమ్మలు కొన్ని వచ్చాక, రెండు తెరల మీదా పక్కపక్కన వేగంగా తిప్పుతాను. కింద ఒక చోట మినుకుమంటుంది. పైన అదే చోట కొంచెం వెనగ్గానో ముందుగానో మినుకుమంటుంది. పైదాన్ని మీటతో జరుపుతూ పోతాను. రెండు మినుకులూ ఒక్కటయ్యేదాకా జరిపి, అక్కడ బిగిస్తాను. ఆ కాలమే డిస్కు మీద పడుతుంది. సూర్యుడు ఒక్కడే కదా, రెండు మినుకులు ఎందుకుంటాయి?

మా నాన్న ఎద్దుల జతను కాడికి కట్టేటప్పుడు వాటి అడుగులు కలిసేదాకా పొలంలోకి దిగనిచ్చేవాడు కాదు. నాకు ఆ పని ఆయన దగ్గరే పట్టుబడింది. ఇన్నేళ్ళలో ఒక్క ఉదయం కూడా జత కలపకుండా డిస్కు పంపలేదు. కొత్తాయన డిస్కులు నిర్భయంగా పారేయండి.

ఇంకొకటి. జీపు డ్రైవరు ఈసారి మరో ముక్క తెచ్చాడు. పై పొర దాకా అలలు పోవనీ, ఇక ఈ ప్రశ్న తేలిపోయిందనీ ఎవరో రిపోర్టు రాస్తున్నారట. తేలిన ప్రశ్నకు కాపలా ఎందుకని కమిటీ అంటుందట. ఆ మహానుభావుడెవరో కాస్త కనుక్కోండి. నేను రెండు మంచి మాటలు రాసి పంపుతాను.

మీ వియ్యంకుడు


కింద ఊరు, లెక్కల గది

వియ్యంకుల వారికి,

ఆ మహానుభావురాలిని నేనే.

చివర్లో చెబుదామనుకున్నాను. కేంద్రం మూసేస్తారని నాకు మొదటి నుంచీ తెలుసు. నిజం తేలితే తేలింది, అందుకు నేను వెనక్కి తగ్గేది లేదని అనుకున్నాను. మీతో ఆ మాట అనడానికి నోరు రాలేదు. మనవరాలి ఊయల దగ్గర మీ పక్కన నిలబడి కూడా అనలేదు.

ఇప్పుడు ఒక్క ప్రశ్న. మీరు పొద్దున జత కలిపేది బొమ్మలో ఏ చోట చూసి? మచ్చల పక్కనా, నెమ్మదైన చోటా? గుర్తు తెచ్చుకుని కాదు, రేపు పొద్దున మీ కళ్ళు ఎక్కడికి పోతున్నాయో గమనించి రాయండి.

చూడండి, కానీ జరపకండి. ఇక నుంచి పై కెమెరాను ముట్టుకోకండి.

మీ వియ్యపురాలు


కొండ మీద

పరిశోధకురాలు గారికి,

మీరు పంపిన ఆజ్ఞ అందింది.

మచ్చల పక్కన చూసే కలుపుతాను. అక్కడ మినుకు స్పష్టంగా ఉంటుంది. నెమ్మదైన చోట అంతా మసక. ఎవరైనా అక్కడే చూస్తారు. మీరైనా అక్కడే చూస్తారు.

ఉత్తరం రాగానే నాకు విషయం అర్థం కాలేదు. మధ్యాహ్నం కాగితం మీద బొమ్మ గీసుకున్నాక అర్థమైంది. మచ్చల పక్కన అల ఎక్కుతూ ఉంటే, పైన ఆలస్యంగా వెలగడమే దాని ధర్మం. ఆ ఆలస్యాన్ని నేను రోజూ పొద్దున్నే చెరిపేస్తున్నాను. అక్కడ చెరిపినంతా నెమ్మదైన చోట వెనక్కి లాగినట్టు అవుతుంది. మీరు దాన్ని పట్టుకుని కప్పు అన్నారు. మీ కప్పు నా చేత్తో వేసింది.

అయితే మీరు చేసింది కూడా చెప్పాలి. మా కూతుర్ని మీ ఇంటికి పంపినప్పుడు, ఏదున్నా ముఖం మీద చెబుతామని మీరే అన్నారు. నా గదికి తాళం వేసే కాగితం ఎవరో రాస్తున్నారని జీపు డ్రైవరు చెప్పి, నేను అడిగాక గాని అది మీ బల్ల మీదే ఉందని మీరు చెప్పలేదు.

నిన్న అమ్మాయి ఫోను చేసింది. లైను తెగుతూ తెగుతూ, "మీ ఇద్దరికీ ఏమైంది నాన్నా, అత్తయ్య అన్నం ముందు కూర్చుని గోడతో మాట్లాడుతోంది" అంది. సూర్యుడి గురించిలే అన్నాను.

ఇంత రాద్ధాంతం అక్కరలేదు. దారి ఉంది. పాత డిస్కులన్నిటిలోనూ నెమ్మదైన చోట రెండు మినుకులూ కలిసేలా మొత్తం జరిపేయండి. నెమ్మదైన చోట అలలు ఎక్కవని మీ పాత పుస్తకాలే చెబుతున్నాయి కదా. అప్పుడు మచ్చల పక్కన ఉన్న ఆలస్యం తిరిగి వచ్చేస్తుంది. మీ రిపోర్టు మారుతుంది, నా గది నిలుస్తుంది. ఒక్క పూట పని.

వియ్యంకుడు


కింద ఊరు, లెక్కల గది

వియ్యంకుల వారికి,

నమస్కారం. ముఖం మీద చెప్పకపోవడం తప్పే. తిట్టినంతా తీసుకున్నాను. అది అక్కడితో సరి.

మీరు చెప్పిన దారి నాకూ తట్టింది. ఒక పూట కాదు, గంటలో అయిపోయింది. జరిపి చూశాను. మచ్చల పక్కన అలలు చక్కగా పైకి ఎక్కాయి. చూడ ముచ్చటగా ఉంది. దాన్ని చెరిపేశాను.

ఎందుకో చెబుతాను. మచ్చల పక్కన రెండు మినుకులూ ఒక్కటే అయి ఉండాలని మీరు అనుకున్నారు, అలా కలిపారు, తరువాత డిస్కులో అవి ఒక్కటిగానే కనిపించాయి. ఇప్పుడు నెమ్మదైన చోట ఒక్కటే అయి ఉండాలని నేను అనుకుని, అలా కలిపి, చూశారా ఒక్కటే అయ్యాయి అంటే, మీరు చేసిందే నేను వేరే చోట చేసినట్టు. పుస్తకం చెప్పిందే నిజమైనా, దాన్ని చూపించింది మన కెమెరాలు అని మాత్రం చెప్పలేం. పాత డిస్కుల్లో రెండు చోట్ల మధ్య ఎడం ఉంది. ఆ ఎడం నిజం. కానీ ఒకటి ఊగుతుంటే రెండోది ఎక్కుతోందా, ఒకటి దిగుతుంటే రెండోది ఊగుతోందా అన్నది ఆ డిస్కులు చెప్పలేవు. పై యంత్రం ఏరోజు ఎంత బద్ధకించిందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఆ డిస్కులన్నీ దీనికి పనికిరావు. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. నా రెండేళ్ళ లెక్కలు కూడా వాటితో పోయాయి.

కమిటీ వాయిదా అడిగాను, ఇవ్వలేదు. కొత్త కాగితం లేకపోతే పాతదే చదువుతామన్నారు. పాతది చదివితే కేంద్రం పోతుంది, అదీ అబద్ధం మీద పోతుంది. కాబట్టి కొత్త డిస్కులు కావాలి.

రెండు కెమెరాలకూ ఒకే క్షణాన తెలిసే గుర్తు ఒకటి కావాలి. ఆ గుర్తు సూర్యుడిది కాకూడదు, మనదై ఉండాలి. గోపురం మీద టెలిస్కోపు మూతికి ఇనుప మూత ఉంది కదా. యంత్రాలు రెండూ తిరుగుతుండగా ఎవరైనా పైకెక్కి ఆ మూత ఒక్కసారి వేసి తీయాలి. రెండు తెరలూ ఒకే క్షణంలో చీకటవుతాయి. సాయంత్రం ఆపే ముందు మళ్ళీ ఒకసారి వేసి తీయాలి. నేను ఆ చీకటిని చీకటితో కలుపుతాను. వెలుగును ఎవరూ ముట్టుకోరు.

ఫలితం ఎలా ఉంటుందో నాకు తెలియదు. కప్పు నిజంగానే ఉండవచ్చు. అప్పుడు కేంద్రం మూతపడుతుంది, ఆ కాగితం మీద సంతకం నాదే ఉంటుంది. అది ఇప్పుడే ముఖం మీద చెబుతున్నాను.

మీ వియ్యపురాలు


కొండ మీద, పరిశీలన గది

వియ్యపురాలు గారికి,

నమస్కారం. మొదటి రెండు రోజులూ మబ్బు. మూడో రోజు ఎండ కాసింది, గాలి లేచింది. గోపురం మెట్లు ఎక్కి, మూత వేసి తీశాను. కింద తెరల దగ్గర కొత్తాయనను కూర్చోబెట్టాను. "రెండూ నల్లబడ్డాయండీ" అని కేకేశాడు. ఆ మూతకు తుప్పు పట్టి ఉంది, వేసేటప్పుడు సగంలో ఆగుతోంది. నూనె పోసి, ఉప్పుకాగితంతో రుద్ది సరిచేశాను. ఇప్పుడు కంటి రెప్పలా పడుతోంది.

ఆ తరువాతి రోజులన్నీ మంచి ఎండ. డిస్కులు నిండుగా పంపుతున్నాను. మూడో డిస్కులో సాయంత్రం మూత వేసేటప్పుడు ఒక పక్షి అడ్డం వచ్చింది. రెండు చీకట్లు కనిపిస్తే మొదటిది దానిది.

మీరన్నట్టు పై కెమెరాను ముట్టుకోలేదు. చెప్పినంత తేలిక కాదు. పొద్దున రెండు తెరలూ తిప్పి చూస్తే, మినుకులు విడివిడిగా ఉంటాయి. చెయ్యి దానంతట అదే మీట మీదికి పోతుంది. కొత్తాయన నా అవస్థ చూసి, "పోనీ వంట చేసుకుందాం రండి" అన్నాడు. వెళ్ళాను. ఆయన వంట బాగా చేస్తాడు. ఇది ఎవరికీ చెప్పకండి.

మచ్చల పక్కన మాత్రమే ఎందుకు ఎక్కాలి అన్నది నాకు ఇంకా పట్టుబడలేదు. అలలు అవే, సూర్యుడూ ఒక్కడే. తీరిక ఉంటే రాయండి.

డిస్కులు ఏం చెప్పినా నాకు పూర్తిగా రాయండి. సగం రాయకండి.

మీ వియ్యంకుడు


కింద ఊరు, లెక్కల గది

వియ్యంకుల వారికి,

నమస్కారం. పూర్తిగా రాస్తున్నాను.

ఎక్కుతున్నాయి. మచ్చల అంచుల చుట్టూ ప్రతి రోజూ, ప్రతి డిస్కులోనూ ముందు కింద, తరువాత పైన. నెమ్మదైన చోట రెండూ ఒక్కసారే. అక్కడ అలలు మన కెమెరా ఎత్తుకు రాకముందే వెనక్కి తిరిగిపోతున్నాయి, వాటి ఊపు మాత్రమే పైకి తెలుస్తోంది. దిగివచ్చేది ఎక్కడా లేదు. సూర్యుడికి నేను వేసిన కప్పు లేచిపోయింది. పక్షి కూడా కనిపించింది, దాన్ని తీసేశాను.

మీరు అడిగినదానికి జవాబు. పైకి పోయేకొద్దీ సూర్యుడి వాతావరణం పలచబడుతుంది. నిదానంగా ఊగే అలకు ఆ పలచటి దాంట్లో నిట్టనిలువుగా ఎక్కే సత్తా లేదు. కొంత దూరం పోయి తిరిగివస్తుంది. మచ్చల అంచుల్లో అయస్కాంత రేఖలు నిలువుగా ఉండవు, ఒరిగి ఉంటాయి. అల ఆ రేఖ వెంబడి పోతుంది. మీ కొండకు జీపు నేరుగా ఎక్కగలదా? పక్కలకు ఒరిగిన దారి పట్టుకుని ఎక్కుతుంది. బరువు అదే, ఇంజను అదే, దారి ఏటవాలుగా ఉంది గనుక లాగుతుంది. ఇదీ అంతే. అయితే ఒరిగిన దారులు ఏడాది పొడవునా ఒకేచోట ఉండవు. మచ్చలు పుడతాయి, పోతాయి. ఎంత వేడి పైకి పోతోందో తెలియాలంటే రెండు కెమెరాలూ ఇంకా ఏళ్ళ తరబడి చూస్తూనే ఉండాలి. ప్రశ్న తేలలేదు, ఇప్పుడే మొదలైంది. రిపోర్టులో ఆ మాటే రాశాను.

పాత డిస్కులు ఎందుకు వదిలేశామో కూడా రాయాలి. ఆ వాక్యం కింద ఇస్తున్నాను, చూసుకోండి.

"పై కెమెరా యంత్రపు కాల లోపం కారణంగా అంతకుముందరి డిస్కులను పరిగణనలోకి తీసుకోలేదు."

ఇంతకన్నా అక్కరలేదు. యంత్రం బద్ధకిస్తుందన్నది అబద్ధం కాదు. మీ పేరు ఎక్కడా రాదు. మా కోడలికి కూడా చెప్పలేదు. ఆమె దృష్టిలో మనం ఇంకా సూర్యుడి గురించే పోట్లాడుకుంటున్నాం.

మీ వియ్యపురాలు


కొండ మీద, పరిశీలన గది

వియ్యపురాలు గారికి,

నమస్కారం. డిస్కుల మాట విని కడుపు నిండింది. జీపు పోలిక బాగుంది. డ్రైవరుకు చెబితే, సూర్యుడి మీద కూడా రోడ్డు బాగాలేదా అన్నాడు.

ఆ వాక్యం మాత్రం కొట్టేయండి.

నా మీద దయతో రాశారు, తెలుసు. కానీ కమిటీలో కూర్చునేవాళ్ళ కళ్ళతో ఒకసారి చదవండి. యంత్రంలో లోపం ఉంది, ఇన్నేళ్ళ డిస్కులు పాడయ్యాయి. ఈ మాట వింటే ఎవరైనా ఏమంటారు? కొండ మీద సామానంతా చెడిపోయింది, మూసేద్దాం అంటారు. మీరు ఒక చేత్తో తలుపు తెరిచి ఇంకో చేత్తో వేస్తున్నారు.

యంత్రం బద్ధకించిందే గాని డిస్కుల్ని పాడుచేయలేదు. దాని బద్ధకానికి మూత చాలు. పాడుచేసింది నేను. ఉన్నదాన్ని ఉన్నట్టు వదలకుండా నాకు సరిగ్గా అనిపించినట్టు సరిదిద్దాను. సామాను తప్పయితే కేంద్రం పోతుంది. మనిషి తప్పయితే మనిషి పోతాడు, కేంద్రం ఉంటుంది. మనిషిని మార్చడం తేలిక.

ఇలా రాయండి: "పరిశీలకుడు ప్రతి ఉదయం రెండు కెమెరాల బొమ్మలనూ చూపుతో జత కలిపి, పై బొమ్మల కాలాన్ని చేత్తో జరిపినందువల్ల పాత డిస్కులు ఈ ప్రశ్నకు పనికిరావు. యంత్రాలు రెండూ పనిచేస్తున్నాయి. మూతతో గుర్తు పెట్టే పద్ధతి సరిపోతుంది."

మీకు మొహమాటం అడ్డొస్తే, కింద నా సంతకంతో ఇదే మాట వేరే కాగితం మీద రాసి పెట్టెలో పెట్టాను. అది చదవండి. వియ్యంకుడన్న మాట మాత్రం అక్కడ ఎత్తకండి. బంధువును కాపాడిందని ఒకరు, బంధువును ముంచిందని ఇంకొకరు అంటారు.

అమ్మాయికి నేనే చెబుతాను.

వియ్యంకుడు


కింద ఊరు, లెక్కల గది

వియ్యంకుల వారికి,

నమస్కారం. కమిటీ నిన్న కూర్చుంది. వరుసగా చెబుతాను.

మీ కాగితం ఉదయం దాకా నా సంచిలోనే ఉంది. నేను రాసిన వాక్యమే చదువుదామని గది దాకా అనుకుంటూనే పోయాను. లోపల నా కన్నా ముందు కట్టడాల ఇంజనీరు మాట్లాడాడు. కొండ మీది సామాను పాతదనీ, దాని మీద నమ్మకం పెట్టుకోలేమనీ, కప్పు కారుతోందనీ చెప్పాడు. మీరు చెప్పిందే కళ్ళ ముందు జరిగింది. నా వాక్యం చదివి ఉంటే అది ఆయన మాటకు సాక్ష్యం అయ్యేది. మీ కాగితం తీసి చదివాను.

తరువాత అధ్యక్షుడు, "అంటే సామాను బాగానే ఉందంటారా?" అన్నాడు.

"బాగానే ఉంది. కొత్త డిస్కులు దాంతోనే తీశాం" అన్నాను.

"ఆ పరిశీలకుడు ఇన్నేళ్ళూ ఇలాగే చేశాడా?"

"ఇలాగే చేశారు. ఆయన చేసే పని ఆయనే చెప్పారు గనుక మనకు తెలిసింది. ఆ డిస్కులు నమ్మి తప్పు లెక్క రాసింది నేను. దాన్నీ కాగితంలో పెట్టాను, రెండో పేజీ చూడండి."

ఇంజనీరు నవ్వి, "మొత్తానికి సూర్యుడు తప్ప అందరూ తప్పు చేశారన్నమాట" అన్నాడు. అవునన్నాను. అక్కడ ఇంకెవరూ నవ్వలేదు గాని, గది కాస్త తేలికపడింది. ఆ తరువాత రెండు కెమెరాల బొమ్మలూ పక్కపక్కన వేసి చూపించాను. మచ్చ అంచున కింద వెలిగి పైన వెలగడం చూసి అధ్యక్షుడు మళ్ళీ వేయమన్నాడు. మళ్ళీ వేశాను. మూడోసారీ ఆయనే అడిగాడు.

కేంద్రం ఉంటుంది. రెండు కెమెరాలూ ఉంటాయి. కప్పు బాగుచేయిస్తారు.

పూర్తిగా రాయమన్నారు గనుక ఇదీ రాస్తున్నాను. ఉదయం యంత్రాలు నడిపే బాధ్యత మీ నుంచి తీసేశారు. కొత్తాయనను పరిశీలకుడిగా వేశారు. మిమ్మల్ని ఆయనకు సహాయకుడిగా ఉండమన్నారు. ఇష్టం లేకపోతే కిందికి రావచ్చునన్నారు. నేను అక్కడే మాట్లాడబోయాను. మీరు బంధుత్వం ఎత్తవద్దన్నారని నోరు మూసుకున్నాను. మూసుకోవడం నా వల్ల కాదని మీకు తెలుసు.

కిందికి వచ్చేస్తే మనవరాలిని రోజూ చూడవచ్చు. దానికి కూర్చోవడం వచ్చింది. ఆలోచించి రాయండి.

మీ వియ్యపురాలు


కొండ మీద, పరిశీలన గది

వియ్యపురాలు గారికి,

నమస్కారం. ఉండిపోతున్నాను. మనవరాలిని ఎండాకాలం సెలవుల్లో మీరే కొండెక్కించండి. ఏటవాలు దారే, భయం లేదు.

ఆర్డరు వచ్చిన రోజు కొత్తాయన నా కుర్చీని కిటికీ దగ్గర నుంచి తెచ్చి బల్ల దగ్గర వేసి, నిలబడి చేతులు నలుపుకుంటూ, "నేను అడగలేదండీ" అన్నాడు. "కూర్చో నాయనా, ఆ కుర్చీ కిటికీ దగ్గరే బాగుంటుంది" అన్నాను. అమ్మాయికి చెప్పాను. "అత్తయ్య కూడా తన తప్పు చెప్పుకుందట కదా, ఇద్దరూ ఇద్దరే" అంది. అది మెచ్చుకోలో కాదో తెలియలేదు.

ఈరోజు పొద్దున ఆయన పరిశీలకుడిగా మొదటిసారి తెరల ముందు కూర్చున్నాడు. నేను మూత వేసి తీసి కిందికి దిగి వచ్చేసరికి మొదటి బొమ్మలు తిప్పుతున్నాడు. పెద్ద మచ్చ ఒకటి వచ్చి ఉంది. దాని అంచున కింది తెర మీద వెలిగింది. పై తెర మీద ఏమీ లేదు. ఆయన కంగారు పడ్డాడు.

"ఇవి కలవడం లేదండీ, కాస్త జరపనా?" అని మీట మీద చెయ్యి వేశాడు.

"ఆగు" అన్నాను.

ఇద్దరం ఆగాం. పైన వెలిగింది.

మీ వియ్యంకుడు